మౌస్ పిల్లల చేతిలో ఉండాలి: కాలేజీ దరఖాస్తుల్లో అమ్మానాన్నలు ఎంతవరకు కలగజేసుకోవాలి?

మా పెద్దవాడి వెబ్ ఆప్షన్లు (ఇంజినీరింగ్ సీటు కోసం కాలేజీలు, బ్రాంచీలు ఇష్టప్రకారం ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టే జాబితా) నేనే పెట్టాను. రాత్రి పదిన్నరకి కూర్చుని ఒంటిగంట దాకా నలభై ఎనిమిది ఆప్షన్లు. ఇరవై ఏళ్లుగా తిరుపతిలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని, నాకు తెలియనిది ఏముంటుందిలే అనుకున్నాను. ఏ కాలేజీ పెట్టినా ముందు కంప్యూటర్ సైన్సే. వాడు పక్క మంచం మీద పడుకుని "సరే అమ్మా, నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటకి ఒప్పుకున్నాడనే అర్థం చెప్పుకున్నాను. రెండేళ్ల తర్వాత సంక్రాంతి సెలవులకు వచ్చాడు. బండి మీద వెళ్తుంటే శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఆగాం. వాడు తలెత్తి ఆ స్తంభాలనే చూస్తూ అన్నాడు: "నాకు సివిల్ చదవాలని ఉండేదమ్మా. నా ర్యాంకుకి ఇక్కడే ఎస్వీ యూనివర్సిటీలో వచ్చేది కూడా." మరి చెప్పలేదేమిరా అంటే, "నువ్వు అడగలేదు కదా" అన్నాడు.

మూడేళ్లకు మా అమ్మాయి వంతు వచ్చింది. ఈసారి పద్ధతి మార్చుకున్నాను. కాగితాలు, డబ్బు, ప్రయాణం నేను చూసుకున్నాను. ఎంపిక, పాస్‌వర్డు, ఫారం తనవి. తన పక్కనే కూర్చున్నాను, కానీ మౌస్ ముట్టుకోలేదు. ఆ ఏడాది నేర్చుకున్నది, మా కాలేజీ పిల్లల ఇళ్లలో చూసినది కలిపి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు జిల్లాల తల్లిదండ్రులను మనసులో పెట్టుకుని రాశాను.

1. ముందు పనులు పంచుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఒకవైపు పిల్లల పేరు, ఇంకోవైపు మీ పేరు. పిల్లల వైపు రాయాల్సినవి: దరఖాస్తు ఫారాలు, పాస్‌వర్డులు, ఈమెయిల్, పరీక్ష తేదీలు, కాలేజీల జాబితా, ఆప్షన్ల వరుస. మన వైపు రాయాల్సినవి: సర్టిఫికెట్లు, ఫీజులు, ప్రయాణాలు, వేళకు తిండి, నిద్ర, చుట్టాలకు సమాధానాలు. ఈ చివరిది చిన్నదేమీ కాదు. పెళ్లికి పోయినా పేరంటానికి పోయినా "ర్యాంకెంత?" అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ ప్రశ్న పిల్లల దాకా పోకుండా ఆపడం మన పని.

ఏదైనా పని ఎవరు చేయాలో తెలియకపోతే ఒక్కటే ఆలోచించండి. ఇది నేను చేస్తే పిల్లకు తగ్గేది శ్రమా, నిర్ణయమా? మీ సేవ కేంద్రంలో లైనులో నిలబడటం శ్రమ, మీరే నిలబడండి. పరీక్ష ఏ ఊళ్లో రాయాలో ఎంచుకోవడం నిర్ణయం, తనను చేయనివ్వండి.

2. సెకండియర్ దసరా లోపు మూడు సంగతులు మాట్లాడుకోండి

అన్నీ ఒకే రోజు, ఒకే సిట్టింగ్‌లో వద్దు. మూడింటికీ కనీసం మూడు సాయంత్రాలు కావాలి.

మొదటిది, ఏం చదవాలనుంది. ఈ రోజు మీరు మాట్లాడకూడదు, వినాలి. "ఏం కావాలనుకుంటున్నావు?" అంటే పదిహేడేళ్ల పిల్లలు చాలామంది నేల చూస్తారు. "ఏ పాఠం చదువుతుంటే టైం తెలియలేదు?", "నీ క్లాసులో ఎవరి ప్లాను విని నీకూ అలా చేయాలనిపించింది?", "ఏ కోర్సు మాత్రం వద్దనుకుంటున్నావు?" అని అడిగి చూడండి. మూడో ప్రశ్నకు జవాబు ఠక్కున వస్తుంది, దాన్ని పట్టుకుని మిగతావి లాగొచ్చు. జవాబు విన్న వెంటనే "దాంట్లో ఉద్యోగాలు లేవు" అనకండి. ఆ మాట అన్నారంటే రెండోసారి మనసు విప్పరు.

రెండోది డబ్బు. మన ఇళ్లలో పిల్లల దగ్గర డబ్బు మాట ఎత్తం. ఎత్తితే వాళ్లు బాధపడతారని మన భయం. నిజానికి వాళ్లను ఎక్కువ బాధపెట్టేది, జాబితా మొత్తం తయారయ్యాక "అంత ఫీజు మన వల్ల కాదు" అనే మాట. అంకె ముందే చెప్పండి: "హాస్టల్‌తో కలిపి ఏడాదికి ఇంత పెట్టగలం. అంతకు మించితే లోన్ తీసుకోవాలి." లోన్ అంటే ఏమిటో కూడా వివరంగా చెప్పండి. బ్యాంకుల మామూలు విద్యారుణ పథకంలో 4 లక్షల వరకు తాకట్టు గానీ, మన వాటాగా ముందు కట్టే సొమ్ము గానీ అక్కర్లేదు. క్రెడిట్ గ్యారంటీ (అప్పుకు ప్రభుత్వ పథకం హామీ ఉండటం) కింద 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి. వాయిదాలు సాధారణంగా కోర్సు అయిన ఏడాదికి మొదలవుతాయి, వడ్డీ మాత్రం అప్పు తీసుకున్న రోజు నుంచే పెరుగుతుంది. ఆ వడ్డీ సంగతి పిల్లలకు తెలియాలి. తీర్చేది వాళ్లు కూడా కదా.

ఇక్కడే కోటాల సంగతి కూడా చెప్పండి. మన రాష్ట్రంలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా (ర్యాంకునుబట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి), 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా (కాలేజీ వాళ్లు నింపుకునేవి). ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్నా, అది కన్వీనర్ సీటులో చేరినవాళ్లకే. "ఏదో ఒక సీటు కొనేద్దాంలే" అని మీ మనసులో ఉంటే, నాలుగేళ్ల ఫీజు కూడి ఆ మొత్తాన్ని కాగితం మీద రాసి ఇద్దరూ కలిసి చూడండి.

మూడోది దూరం. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో మన మనసులో ఒక గీత ఉంటుంది, నోటితో మాత్రం చెప్పం. తిరుపతి దాటి పంపం అనో, రోజూ ఇంటికి రావాల్సిందే అనో అనుకుంటాం. అలాంటి గీత మీకు ఉంటే ఇప్పుడే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. చెప్పేటప్పుడు మీకే ఆ కారణం బలహీనంగా వినిపిస్తే వదిలేయండి. నేను "అనంతపురం దూరం" అన్నాను. మా అమ్మాయి "దేనికి దూరం అమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

3. దారులు మీరు తెలుసుకోండి, క్యాలెండర్ వాళ్లను రాయనివ్వండి

తల్లిదండ్రులకు ఏ పరీక్ష దేనికో తెలియాలి. తెలియకపోతే ఎవరు ఏం చెప్పినా నమ్మాల్సి వస్తుంది.

రాష్ట్రంలో ఇంజినీరింగ్, ఫార్మసీ సీట్లకు, బైపీసీ వాళ్లకు అగ్రికల్చర్ బీఎస్సీకి ఏపీ ఈఏపీసెట్. 2021కి ముందు దీన్నే ఎంసెట్ అనేవాళ్లం, పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. ఇంజినీరింగ్ ర్యాంకులో ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. కాబట్టి "ఇంటర్ పాసైతే చాలు, ర్యాంకే ముఖ్యం" అనే మాట తప్పు. ఎన్ఐటీలకు జేఈఈ మెయిన్ రాయాలి. అది జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది. ఐఐటీలకు ఆపైన అడ్వాన్స్‌డ్ ఉంటుంది, వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయొచ్చు. మెడిసిన్‌కు నీట్. డిగ్రీ కాలేజీలకు ఆన్‌లైన్ అడ్మిషన్లు వేరే నడుస్తాయి.

మా కాలేజీలో తల్లిదండ్రులు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఐఐటీ మన ఏర్పేడులోనే ఉంది కదా మేడం, మన పిలకాయలకు లోకల్ కోటా ఉంటుంది కదా?" ఉండదు. ఐఐటీ తిరుపతి, ఐసర్ తిరుపతి (సైన్స్ చదువు, పరిశోధనల జాతీయ సంస్థ) రెండూ 2015లో మొదలయ్యాయి, రెండూ ఏర్పేడు దగ్గరే ఉన్నాయి. వాటి సీట్లు మాత్రం దేశం మొత్తానివి. ఐసర్‌కు జేఈఈ ర్యాంకు పనికిరాదు, ఐఏటీ అనే పరీక్ష విడిగా రాయాలి. ఫిజిక్సో బయాలజీనో ఇష్టపడి చదివే పిల్లలు ఎంతోమంది ఈ సంగతి తెలియక, ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న ఐసర్‌కి దరఖాస్తు కూడా పెట్టరు. తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీలో మాత్రం సగం సీట్లు మన రాష్ట్రం వాళ్లకే.

మనకు నిజంగా లోకల్ కలిసొచ్చేది ఈఏపీసెట్‌లో. ఎస్వీయూ (ఎస్వీ యూనివర్సిటీ) రీజియన్ అంటే పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు. ఈ రీజియన్ కాలేజీల్లో 85 శాతం సీట్లు ఇక్కడి వాళ్లకు. వేలూరుకో బెంగళూరుకో పంపి చదివించిన చిత్తూరు సరిహద్దు కుటుంబాలకు ఇక్కడే చిక్కు వస్తుంది. లోకల్ అవునా కాదా అనేది పిల్ల ఎక్కడెక్కడ చదివిందో చూసి తేలుస్తారు. నోటిఫికేషన్ బుక్‌లెట్‌లో ఆ పేజీ ముందే చదవండి.

ఇవన్నీ మీరు చదువుకోండి. తేదీల పట్టిక మాత్రం పిల్లలే రాసి, తమ గదిలో గోడకు అంటించుకోవాలి. మీరు వారానికి ఒకసారి, ఆదివారం టిఫిను దగ్గర "ఈ వారం ఏమున్నాయి?" అని అడగండి. రోజూ అడిగితే పోరు పెట్టినట్టు ఉంటుంది.

4. కాగితాలు పూర్తిగా మన పని

ఇక్కడ మాత్రం మీరు ఎంత కలగజేసుకున్నా తప్పులేదు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ లేదా రేషన్ కార్డు, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన ఓసీ) వాళ్లకు ఆ ఆర్థిక సంవత్సరం సర్టిఫికెట్, ఆధార్. ఈడబ్ల్యూఎస్ కాగితం నిరుటిది పనికిరాదు, ఏప్రిల్ రాగానే సచివాలయంలో దరఖాస్తు పెట్టండి.

మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం అక్షరం సరిచూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క ఇనిషియల్‌తో ఉండటం మన దగ్గర ప్రతి రెండో ఇంట్లో చూస్తాను. ఒకదాంట్లో తండ్రి పేరు చివర 'రెడ్డి' ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఆధార్‌లో సరిచేయించుకోవడానికి సెకండియర్ మొదట్లో బోలెడు టైం ఉంటుంది, జూన్‌లో ఉండదు. చిన్నప్పుడు రెండు మూడు స్కూళ్లు మారి ఉంటే, ఒక్కో స్కూలుకీ వెళ్లి స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చిపెట్టుకోండి. ఒక ఏడాది మా విద్యార్థి ఒకడి పాత స్కూలు మూతపడింది. వాళ్ల నాన్న మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఆ కాగితం సంపాదించాడు. ఆ నాలుగు తిరుగుళ్లు పరీక్షల ముందు ఆ పిల్లవాడు తిరగకుండా చూడటమే తండ్రి చేయగలిగిన గొప్ప సాయం.

ప్రతి కాగితానికీ నాలుగు జిరాక్సులు, ఫోన్‌లో స్పష్టమైన స్కాన్. ఒరిజినల్స్ ఒకే ఫైల్లో ఉండాలి, ఆ ఫైల్ మీ బీరువాలో ఉండాలి.

5. ఫారం నింపే రోజు

ఇప్పుడు కుర్చీలు మారతాయి. స్క్రీన్ ముందు పిల్ల, పక్కన మీరు, మీ చేతిలో పదో తరగతి మెమో. తను టైపు చేస్తుంది, మీరు పైకి చదివి సరిచూస్తారు. పేరు, పుట్టిన తేదీ, కేటగిరీ, లోకల్ ఏరియా, పరీక్ష కేంద్రాల వరుస. కేటగిరీ గడి దగ్గర రెండుసార్లు చూడండి.

మొబైల్ నంబరు ఎవరిది ఇవ్వాలి? ఏడాది పాటు ఇంట్లోనే ఉండే, రీచార్జి ఆగిపోని నంబరు ఇవ్వండి. పిల్ల హాస్టల్లో ఉండి ఫోన్ వాడనివ్వకపోతే మీది ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్ల నంబరు, ఈమెయిల్ ఎప్పుడూ ఇవ్వొద్దు. ఓటీపీలన్నీ వాళ్లకే పోతాయి. ఈమెయిల్ మాత్రం పిల్ల సొంతది ఉండాలి. పాస్‌వర్డులు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం పెట్టండి. మా అమ్మాయిది నీలం అట్ట లాంగ్ నోట్‌బుక్. మొదటి పేజీలో పరీక్ష పేరు, అప్లికేషన్ నంబరు, పాస్‌వర్డు, కట్టిన ఫీజు, తేదీ అని అయిదు గళ్లు గీసుకుంది. ఆగస్టు దాకా ఆ పుస్తకం ఒక్కసారి కూడా కనబడకుండా పోలేదు.

ఇంట్లో కంప్యూటర్ లేదు, నెట్ సెంటర్‌కే వెళ్లాలి అంటే వెళ్లండి. నేను అక్కడ చూసిన ఒక దృశ్యం మాత్రం మీ ఇంట్లో జరగనివ్వకండి. కీబోర్డు దగ్గర సెంటర్ కుర్రాడు. అతని వెనక తండ్రి. తండ్రి చెవి దగ్గర ఫోన్, అందులో బెంగళూరు చిన్నాయన. వీళ్లందరి వెనక, సర్టిఫికెట్ల సంచి గుండెకి హత్తుకుని అబ్బాయి. అయిదు నిమిషాల్లో వాడి నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే, పుట్టిన తేదీ. మీరు వెళ్లినప్పుడు ముందు పిల్లను కుర్చీలో కూర్చోబెట్టమని అడగండి. టైపింగ్ సెంటర్ వాళ్లు చేసినా, చెప్పేది పిల్ల కావాలి.

6. పరీక్షలు, ఫలితాలు

ఇక్కడ మన పని చాలా తక్కువ. సెంటర్ ఎక్కడుందో ముందు రోజే చూసి రావడం, తిండి పెట్టడం, నిద్రపోనివ్వడం. బయటికి వచ్చాక "ఎన్ని కరెక్ట్?" అని అడగకండి. కీ వచ్చినప్పుడు తను చెబితే వినండి.

ఫలితం తక్కువ వచ్చిన రోజు ఇంట్లో మీరు ఏం మాట్లాడతారో ముందే అనుకుని పెట్టుకోండి. ఆ రోజు కోపంలో వచ్చే మాటలు పిల్లలు ఏళ్ల తరబడి మర్చిపోరు. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, ర్యాంకు గురించి మాట్లాడకండి. రెండు మూడు రోజులైనా తినకుండా, నిద్రపోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే, లేదా బతకాలని లేదు అన్నట్టు ఒక్క మాట అన్నా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇలాంటప్పుడు కాలేజీ సంగతి పక్కన పెట్టి పూర్తిగా మీరే రంగంలోకి దిగాలి.

లాంగ్‌టర్మ్‌కి, అంటే మళ్లీ పరీక్ష రాయడానికి ఇంకో ఏడాది కోచింగ్‌కి, పంపాలా వద్దా అనేది ఫలితం వచ్చిన వారంలో తేల్చకండి. ఇంకో ఏడాది అదే పుస్తకాలతో కూర్చోవాల్సింది తను. తన నోటితో "రాస్తాను" అంటేనే పంపండి.

7. ఆప్షన్లకు ముందే కాలేజీలు చూసి రండి

జాబితాలో పైన ఉండబోయే మూడు నాలుగు కాలేజీలకైనా వెళ్లండి. కారులో కాకుండా, రేపు పిల్ల ఎక్కబోయే బస్సులో, క్లాసులు నడిచే రోజున వెళ్లండి. తిరుపతి నుంచి చిత్తూరు డెబ్బై కిలోమీటర్లు. రోజూ పోయి రావడం మ్యాపులో తేలికగానే కనబడుతుంది, సాయంత్రం ఆరింటి బస్సులో నిలబడి వస్తే కానీ తెలియదు.

గేటు లోపలికి వెళ్లాక విడిపోండి. మీరు హాస్టల్, మెస్, ఆఫీసు చూడండి. పిల్ల ల్యాబులు, లైబ్రరీ చూసి, క్యాంటీన్ దగ్గర సెకండియర్ వాళ్లతో మాట్లాడాలి. పక్కన అమ్మానాన్నలు ఉంటే సీనియర్లు నిజం చెప్పరు. మీరు ఆఫీసులో అడగాల్సినవి: ఈ ఏడాదికి ఏఐసీటీఈ (సాంకేతిక విద్య కేంద్ర మండలి) అనుమతి ఉందా? ఫలానా బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా? ఎన్‌బీఏ అంటే కోర్సు నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపు, దాన్ని కాలేజీ మొత్తానికి ఇవ్వరు, ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తారు. ప్లేస్‌మెంట్ల దగ్గర అన్నిటికన్నా పెద్ద ప్యాకేజీ అడగొద్దు. "ఈ బ్రాంచిలో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యలో ఉన్నవాడి జీతం ఎంత?" అని అడగండి.

మే, జూన్ నెలల్లో కాలేజీల తరఫున మనుషులు ఇంటికే వస్తారు. బస్సు ఫ్రీ, హాస్టల్‌లో తగ్గింపు, "మీ ఆప్షన్లు మేమే పెట్టిస్తాం" అంటారు. కాఫీ ఇచ్చి పంపండి. హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డు, ఓటీపీ ఇవ్వొద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అస్సలు ఇవ్వొద్దు. మా విద్యార్థుల్లో ఒకమ్మాయి లాగిన్ అలా ఇచ్చేశారు. చివరికి చూసుకుంటే ఆ పిల్ల జాబితాలో ఒకే కాలేజీ, అన్ని బ్రాంచీలతో సహా ఉంది.

8. వెబ్ ఆప్షన్లు

ఇక్కడ తొందరపడకుండా చదవండి. అసలు సమస్యంతా ఈ నాలుగైదు రోజుల్లోనే వస్తుంది.

ముందు సీట్లు ఎలా ఇస్తారో తెలుసుకోవాలి. కంప్యూటర్ మొదటి ర్యాంకు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరినే తీసుకుంటుంది. మీ పిల్ల వంతు రాగానే తన జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. తన కేటగిరీకి, లోకల్ ఏరియాకి సీటు ఖాళీగా ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగి, అది ఇచ్చేస్తుంది. కింద ఏముందో చూడదు. దీన్నిబట్టి మూడు సంగతులు తేలతాయి. రాదేమో అనుకునే ఇష్టమైన కాలేజీని పైన పెడితే నష్టం ఏమీ లేదు, రాకపోతే కిందికి దిగుతుందంతే. "ఇదైతే ఖాయం" అని రాబోయేదాన్ని పైన పెడితే, దాని కింద ఇంతకన్నా మంచిది ఉన్నా ఇక రాదు. చేరడానికి ఇష్టం లేనిదాన్ని జాబితాలో ఎక్కడా పెట్టకూడదు. నిరుటి చివరి ర్యాంకులు చూసుకునేది కింద సరిపడా ఆప్షన్లు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి. పైన వరుస పెట్టాల్సింది ఇష్టాన్నిబట్టి.

కౌన్సెలింగ్‌కు ప్రాసెసింగ్ ఫీజు ఓసీ, బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు. కట్టి, సర్టిఫికెట్ల పరిశీలన అయిందని చూసుకున్నాక ఇలా చేయండి.

మొదటి రోజు పిల్ల ఒక్కతే కాగితం మీద జాబితా రాయాలి. మీరు మీ జాబితా రాయొద్దు. రాస్తే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని బేరం మొదలవుతుంది, ఆ బేరంలో గెలిచేది ఫీజు కట్టేవాళ్లే. రెండో రోజు మీరు ప్రశ్నలు అడగండి. "ఇది దీనికంటే పైన ఎందుకుంది?" అని మాత్రమే. డబ్బు గురించో, భద్రత గురించో దసరాకి మీరు చెప్పిన హద్దు దాటితే అది తీసేయమనే హక్కు మీకుంది. కొత్త హద్దులు ఇప్పుడు పెట్టకూడదు. మూడో రోజు కంప్యూటర్‌లో ఎక్కించి, సేవ్ చేసి, ప్రింటు తీసి, ఒక రాత్రి వదిలేయండి. ఆప్షన్లు మార్చుకోవడానికి చివర్లో ఒక రోజు ఇస్తారు, అందాకా లాక్ చేయకండి.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు "మాకేం తెలుస్తుంది మేడం" అంటారు. వాళ్లకు నేను ఒక నాయన గురించి చెబుతాను. బంగారుపాళ్యం వైపు మామిడి రైతు. కౌన్సెలింగ్ వచ్చేది సరిగ్గా తోతాపురి కోతల రోజుల్లోనే. లోడు ఫ్యాక్టరీకి తోలి, చేతుల మీద మామిడి జీడి మరకలతో నేరుగా మా కాలేజీకి వచ్చాడు. వరండాలో మెట్టు మీద కూర్చుని కూతురితో "ఒక్కొక్కటే చదువమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి చదివింది. ప్రతిదానికీ మూడే ప్రశ్నలు: "బస్సుందా? హాస్టల్లో ఆడపిల్లలు ఎంతమంది? ఇదే వస్తే పోయి చేరతావా?" మూడో ప్రశ్న దగ్గర ఆ అమ్మాయి ఎక్కడ తడబడితే అక్కడ "అయితే కొట్టెయ్" అన్నాడు. ముప్పై రెండు ఆప్షన్లలో పదకొండు పోయాయి. డిగ్రీలున్న తల్లిదండ్రులను ఎందరినో చూశాను, నాతో సహా. అంత బాగా అడిగినవాళ్లు ఎవరూ లేరు.

ఇక "మీ ఇష్టం" అనే పిల్లలు. మా వాడు అన్న మాటే. దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. చాలాసార్లు దాని అర్థం "నేను చెప్పినా ఏం లాభం" అని, లేకపోతే "తప్పు ఎంచుకుంటే నన్నంటారు" అని. అప్పుడు రెండు కాలేజీల పేర్లు చెప్పి ఏది పైన అని అడగండి. జత తర్వాత జతగా అడుగుతూ పోతే పది నిమిషాల్లో వరుస బయటపడుతుంది. "తప్పయినా పరవాలేదు, కలిసి చూసుకుందాం" అని నోరు తెరిచి చెప్పండి. అది వాళ్లంతట వాళ్లు అర్థం చేసుకుంటారులే అనుకుంటాం. చేసుకోరు.

మా అమ్మాయి మొదటి ఆప్షన్ అనంతపురం జేఎన్టీయూలో ఎలక్ట్రికల్. నాకు ఎస్వీయూ పైన ఉంటే బాగుండుననిపించింది. ఇంటి పక్కనే కదా. ఎందుకని అడిగాను. మూడు కారణాలు చెప్పింది. రెండు చదువుకి సంబంధించినవి, మూడోది "నాలుగేళ్లు నా బట్టలు నేనే ఉతుక్కోవాలని ఉంది". అంతలో వాళ్ల చిన్నాయన ఫోన్ చేసి కంప్యూటర్ సైన్స్ ఎందుకు పైన లేదని గట్టిగా అడిగాడు. ఫోన్ నేను తీసుకోబోయాను. తనే మాట్లాడింది: "చిన్నాయనా, లిస్టు పంపిస్తాను, చూసి చెప్పండి. మార్చేది మాత్రం నేనే." తర్వాత ఆయన రెండు మంచి సలహాలు ఇచ్చాడు. వాటిలో ఒకటి తీసుకుంది.

రెండో విడతలో జాగ్రత్త. మొదటి విడతలో సీటు వచ్చి, మళ్లీ ఆప్షన్లు పెట్టి, అందులో కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది. వెనక్కి అడగడానికి లేదు. కాబట్టి రెండో విడతలో, చేతిలో ఉన్న సీటు కన్నా నిజంగా మంచివనుకున్నవే పెట్టాలి. ఐఐటీ, ఎన్ఐటీల కౌన్సెలింగ్‌లో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని ఉంటాయి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు, ఫ్లోట్ అంటే పైది ఎక్కడ వచ్చినా పోతాను, స్లైడ్ అంటే ఇదే కాలేజీలో పై బ్రాంచి వస్తే మారతాను. పిల్ల ఈ మూడూ తన మాటల్లో మీకు చెప్పగలిగాకే నొక్కనివ్వండి.

9. సీటు వచ్చాక

అలాట్‌మెంట్ లెటర్ డౌన్‌లోడ్, సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఒప్పుకున్నానని ఆన్‌లైన్‌లో తెలపడం) పిల్ల పని. ఫీజు, రశీదు మీ పని. రశీదు లేకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. "డొనేషన్, క్యాష్‌లో" అంటే లేచి రండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. మర్యాదగా ఆ మాట చెప్పి అడగండి. ర్యాగింగ్ జరిగితే 1800-180-5522కి ఫోన్ చేయాలి. ఈ నంబరు మీ ఫోన్‌లో, పిల్ల ఫోన్‌లో రెండింటిలోనూ ఉండాలి.

మేం అనంతపురం వెళ్లిన రోజు కౌంటర్ దగ్గర గుమస్తా నా వైపు చూసి "ఏ బ్రాంచమ్మా? హాస్టల్ కావాలా?" అని అడిగాడు. అలవాటు కొద్దీ నోరు తెరవబోయి ఆగాను. మా అమ్మాయి ముందుకు జరిగి "ఎలక్ట్రికల్ సార్. కావాలి" అంది. ర్యాగింగ్‌కు పాల్పడనని రాసిచ్చే కాగితంలో విద్యార్థి సంతకానికి ఒక చోటు, తల్లిదండ్రుల సంతకానికి ఒక చోటు ఉంటాయి. తను మొత్తం చదివి సంతకం పెట్టి, కాగితం నా వైపు తిప్పి, కింద గీత మీద వేలు పెట్టి చూపించింది.

"నీది ఇక్కడ, అమ్మా."